డాల్ఫిన్ చెయ్యి, గరుడ రెక్క

తొమ్మిదో తరగతి పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న పేజీ అచ్చులో నల్లగా అలుక్కుపోయింది. మనిషి చెయ్యి, పక్షి రెక్క, డాల్ఫిన్ ఈత తెడ్డు వరసగా గీసి, మూడింటిలోనూ ఎముకల అమరిక ఒకటేనని కింద రాశారు. ఏ ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాత్రం ఎంత కళ్ళు చికిలించినా తెలియడం లేదు.

సైన్సు టీచరు సుధారాణి ఆ పాఠం చదివి, "డాల్ఫిన్ చేప కాదు. బిడ్డని కని పాలిచ్చే జంతువు. దాని తెడ్డు లోపల ఉన్నది చెయ్యే" అంది.

వెనక బెంచీలో లక్ష్మీప్రియ లేచి నిలబడింది. కవిటి అవతల కొబ్బరితోటల మధ్య ఇల్లు వాళ్ళది. క్లాసులో ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు.

"టీచర్, నాను నమ్మను."

పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు.

"డాల్ఫిన్ని నాను సూసినాను టీచర్. డొంకూరు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సొరసేపలాగే ఉంది. దానికున్నది సేప రెక్క. గెద్దకి సూత్తే ఈకలున్నాయి. ఆ రెండూ, మన సెయ్యీ ఒకటేనంటే ఎలగ?"

సుధారాణికి కోపం రాలేదు. ఇన్నేళ్ళుగా ఈ పాఠం చెబుతోంది. పిల్లలు రాసుకున్నారు, బట్టీ పట్టారు, పరీక్షలో దించి మర్చిపోయారు. నమ్మనని చెప్పిన మొదటి పిల్ల ఇదే. నమ్మనన్నదంటే బొమ్మని నిజంగా చూసిందన్నమాట.

"నమ్మకు. నేను చూపించేదాకా నమ్మకు" అంది.

ఆ సాయంత్రం ఇంటి వెనక కొబ్బరికాయలు ఒలుస్తున్న భర్త ధనుంజయ్‌తో ఈ సంగతి చెప్పింది. అతను మేనబావే. చిన్నప్పటినుంచీ ఆమె పట్టుదల ఎరిగినవాడు.

"ఎలగ సూపిత్తావు?"

"డాల్ఫిన్ ఎముకలూ గద్ద ఎముకలూ పక్కపక్కన పెట్టి."

"అవి ఏ సంతలో అమ్ముతారేటి?"

"అమ్మరు బావా. దొరుకుతాయి."

అటక మీద చింతపండు ఉందన్నంత ధీమాగా అంది. ధనుంజయ్ నవ్వి మరో కాయ అందుకున్నాడు.

వాళ్ళ వీధికి ఎండుచేపలు తెచ్చే నూకరత్నానిది డొంకూరు. సుధారాణి ఆమెకి ముందే చెప్పి పెట్టింది: డాల్ఫిన్ ఏదైనా ఒడ్డుకి చచ్చి కొట్టుకొస్తే ఎవరూ ముట్టుకోక ముందే కబురు పెట్టమని. కార్తీకం వెళ్ళాక వాయుగుండం పట్టి, సముద్రం నాలుగు రోజులు ఉడికినట్టు ఉడికి చల్లారింది. ఆ మర్నాడు నూకరత్నం బుట్ట లేకుండా వచ్చింది.

"టీచరమ్మా, వచ్చినాది. బేగి రా. కుక్కలు సేరకముందే."

సుధారాణి ముందు అటవీశాఖ రేంజి ఆఫీసుకి ఫోన్ చేసింది. చచ్చినదైనా సరే, ఆ జంతువుని అనుమతి లేకుండా ముట్టుకోకూడదని ఆమెకి తెలుసు. బడి కోసమని విన్నాక అవతలి అధికారి కాసేపు ఆలోచించి, తమ మనిషి వచ్చి చూసి, కొలిచి, పాతించే దాకా ఆగితే ఒక తెడ్డు ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నాడు. మధ్యాహ్నానికి ఆ మనిషీ, మోటారు సైకిల్ మీద సుధారాణీ ధనుంజయ్‌లూ డొంకూరు చేరారు.

దూడంత ఉంది డాల్ఫిన్. బూడిదరంగు ఒళ్ళు, ఒక పక్క ఇసుక అంటి ఆరిపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నూకరత్నం అప్పటికే దాని నుదుటి మీద పసుపు రాసి కుంకం పెట్టింది.

"మా వోళ్ళు దీన్ని తినరమ్మా. వల్లో పడితే దణ్ణం ఎట్టి వొదిలేత్తారు. సెయ్యి కోత్తామంటన్నావు, తప్పు కాదు కదా?"

సుధారాణి కుంకం భరిణె అందుకుని తానూ బొట్టు పెట్టింది. "పిల్లలకి చదువు చెప్పడానికి అడుగుతున్నాను, రత్నం. తప్పు కాదు."

అటవీశాఖ మనిషి కొలతలు తీసుకున్నాడు. ఊరివాళ్ళు ఇసుకలో లోతుగా గొయ్యి తీసి డాల్ఫిన్‌ని పాతారు. చేటంత ఉన్న ఒక తెడ్డుని మాత్రం భుజం దగ్గర వేరుచేసి, పాత నైలాను వలలో పొరలు పొరలుగా చుట్టి, విడిగా సరుగుడు చెట్ల వెనక పూడ్చారు. మాంసం పోయినా సన్న ఎముకలు వల దాటి చెదిరిపోకుండా ఉంటాయి.

"మల్లీ ఎప్పుడు తీత్తారు?" అంది నూకరత్నం.

"ఎండలు ముదిరాక."

సంక్రాంతి సెలవులయ్యాక సుధారాణి క్లాసుని డొంకూరు తీసుకెళ్ళింది. ఎముకల కోసం కాదు. బతికున్న వాటిని చూపించకుండా ఎముకలు చూపిస్తే సగం పాఠమే అవుతుందని ఆమె అభిప్రాయం. అలలు విరిగే చోటికి అవతల చేపల గుంపు ఒకటి నీటిని నల్లగా చేస్తూ కదులుతోంది. దాని చుట్టూ డాల్ఫిన్ వీపులు లేస్తూ మునుగుతూ ఉన్నాయి. ఒక వీపు ఇటు తేలితే మరొకటి అటు తేలి, గుంపుని మధ్యకి తోస్తున్నాయి. పైన గరుడలు తిరుగుతున్నాయి, ఎర్రటి ఒళ్ళూ తెల్లటి తలా ఉన్న గద్దలు. డాల్ఫిన్లు తోసిన చేపలు పైకి ఎగరగానే ఒక గరుడ కాళ్ళు చాపి దిగి, ఒక వెండి తునకని ఎత్తుకుపోయింది.

పిల్లలు గొడవ మొదలెట్టారు. ఏది గొప్ప వేటగాడు? గరుడకి అంత ఎత్తునుంచి చేప కనపడుతుందని ఒకరు, డాల్ఫిన్ చీకటి నీళ్ళలో చప్పుడు చేసి ఆ చప్పుడు వెనక్కి రావడం విని చేపని పట్టుకుంటుందని టీచరు చెప్పిందని మరొకరు. గరుడ ఒక్కతే వేటాడుతుంది, డాల్ఫిన్లు కలిసి వేటాడతాయి. గరుడ గుడ్డు పెడుతుంది, డాల్ఫిన్ పిల్లకి నీళ్ళలోనే పాలిస్తుంది.

లక్ష్మీప్రియ మాత్రం గొడవలో దిగలేదు. గరుడ దిగేటప్పుడు రెక్క ఎక్కడ మడుస్తోందో చూస్తోంది. కాసేపటికి తన కుడిచెయ్యి చాపి, మోచేతి దగ్గర మడిచి, మళ్ళీ మణికట్టు దగ్గర వంచింది. సుధారాణి ఆమె వైపు చూడనట్టే నిలబడింది.

*

గరుడ దొరకడమే కష్టమైంది. మార్చి నెలలో ఒక ఉదయం తిరుపతిరావు గారి తోటలో కరెంటు తీగలకి తగిలి ఒక గరుడ చచ్చి పడింది. తిరుపతిరావు ఆ ఊళ్ళో పెద్ద రైతు, మాజీ సర్పంచి. కొబ్బరీ జీడీ కలిపి ఊరి తూర్పు వైపంతా ఆయనదే. ఎత్తున గరుడ కనిపిస్తే చెంపలేసుకుని గానీ అడుగు వేయడు. ఆయన పక్షిని అరిటాకు మీద పడుకోబెట్టించి, పసుపు నీళ్ళు చల్లి, తోట మూలన పూడ్చడానికి గొయ్యి తవ్విస్తూ ఉండగా కబురు విని సుధారాణి అక్కడికి చేరింది. వరసకి ఆయన మావ.

"మావయ్యగారూ, దీని ఒక రెక్క బడికి ఇప్పించండి."

పాలేర్లు తవ్వడం ఆపారు. తిరుపతిరావు ఆమె వైపు నిదానంగా తిరిగాడు.

"ఏటి సేసుకుంటావమ్మా?"

"డాల్ఫిన్ చెయ్యి పక్కన పెట్టి పిల్లలకి చూపిస్తాను. రెండింటి ఎముకలూ ఒకే తీరున ఉంటాయి."

"డాల్ఫినంటే ఆ సముద్రపు పందేనా?" ఆయన గొంతు పెరిగింది. "అమ్మా సుధారాణీ, ఆలోసించే అడుగుతన్నావా? ఇది సామి వాహనం. సామిని మోసే రెక్క. దాన్ని అట్టుకెల్లి పంది కాలు పక్కన ఎడతావా? పోలిక ఎట్టడానికి నీకు ఇంకేటీ దొరకనేదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. సుధారాణి దించలేదు.

"రెండింటినీ చేసినవాడు ఒక్కడేనని మీరే అంటారు కదా మావయ్యా. ఆయన చేసిన రెండింటినీ పక్కపక్కన పెడితే ఆయనకి కోపం ఎందుకొస్తుంది?"

 తిరుపతిరావుకి కోపం ఇంకా పెరిగింది.

"సదువుకున్నావు, మాటలు బాగా వచ్చు. రెక్క ఇవ్వను. పూడ్సేక కూడా దాని జోలికి రాకు."

"రాను. మీరు ఇస్తేనే తీసుకుంటాను." ఆమె అరిటాకు మీది పక్షిని చూసింది. తెల్లటి మెడ మీద ఈకలు గాలికి లేస్తున్నాయి. "ఒక్క మాట. ఫారెస్టు వాళ్ళకి నేను చెబుతాను, మీరేం ఇబ్బంది పడకండి. దీన్ని గుడ్డలో చుట్టి పూడ్చండి. ఎప్పుడైనా మీ మనసు మారితే ఎముకలు చెదరకుండా ఉంటాయి."

"నా మనసు మారదు."

"మారకపోయినా గుడ్డలో చుట్టి పూడిస్తేనే మర్యాద కదా మావయ్యా."

ఇంటికి వచ్చాక ధనుంజయ్ తల పట్టుకున్నాడు. "ఊళ్ళో ఆయన మాటకి ఎదురు సెప్పినోళ్ళు నేరు. రేపు మన తోటకి దారి కట్టేత్తే?"

"కట్టడు. ఆయనకి కోపం ఉంది గానీ కుళ్ళు లేదు బావా."

"అంత నమ్మకమేటి నీకు?"

"పక్షి చచ్చిపోతే పనులు మానుకుని గొయ్యి తవ్విస్తున్నాడు. అలాంటివాడు దారులు కట్టడు."

దారి ఎవరూ కట్టలేదు. కానీ పంది కాలు టీచరని ఒక పేరు మాత్రం ఊళ్ళో పుట్టింది. మంచినీళ్ళ కుళాయి దగ్గర సుధారాణి అత్తగారు పెద్దతల్లి చెవిన కూడా పడింది. పెద్దతల్లి బిందె దించి, "నా కోడలు పంది కాలు తెచ్చినా సదువు సెప్పడానికే తెచ్చినాది. మీ కోడళ్ళు ఏటి తెత్తన్నారు?" అని అడిగి, నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది.

*

ఎండలు ముదిరాక సరుగుడు చెట్ల వెనక తవ్వారు. వల అలాగే ఉంది. విప్పుతుంటే ఇసుక రాలి, లోపల ఎముకలు ఒకదాని వెనక ఒకటిగా బయటపడ్డాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, బడి తెరిచాక పదో తరగతికి వచ్చిన ఆ పిల్లల ముందే ఒక చాప మీద పరిచింది సుధారాణి.

"నేను పేర్లు చెప్పను. మీరే అమర్చండి" అంది.

లక్ష్మీప్రియ ముందుకొచ్చి కూర్చుంది. భుజం దగ్గరిది పొట్టిగా, లావుగా ఒకే ఎముక. దాని కింద రెండు, పలకల్లా అణిగి ఉన్నాయి. ఆ తరవాత గులకరాళ్ళలాంటివి కొన్ని. ఆ తరవాత చిన్న చిన్న ముక్కలు, వరసలు వరసలుగా. ఆ వరసల్ని సర్దుతూ సర్దుతూ ఒక్కసారి ఆగిపోయింది. తన చెయ్యి చాప మీద బోర్లించి వేళ్ళు విడదీసింది.

"అయిదేళ్ళు!" అని అరిచింది. "టీచర్, దీనికి అయిదేళ్ళున్నాయి! ఇది మోసెయ్యి. ఇది మనికట్టు. తోలు లోపల దాసుకున్నాది గానీ, సెయ్యే!"

"నమ్ముతావా?"

"సగం నమ్ముతాను. గెద్ద ఇంకా సూడనేదు కదా."

సుధారాణి పైకి నవ్వలేదు గానీ, ఆ రోజంతా ఆమె మనసు గాల్లో తేలింది.

ఆగస్టు పదిహేనున జెండా ఎగరవేయడానికి ప్రతిసారీ లాగే తిరుపతిరావుని పిలిచాడు హెడ్మాస్టరు. జెండా ఎగిరింది, పిప్పరమెంటు బిళ్ళలు పంచారు. పిల్లలు చేసినవి చూడమని ఆయన్ని ఒక గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ పొడుగాటి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. ఒక చివర కిటికీ వెలుగుకి ఆనించి ఒక ఎక్స్‌రే పెట్టారు. కిందటేడు కంచిలి రోడ్డు మీద మోటారు సైకిల్ జారి ధనుంజయ్ చెయ్యి విరిగినప్పుడు టెక్కలిలో తీసినది. ఇంటింటా కిడ్నీ జబ్బులతో, ఎక్స్‌రే అనగానే కిడ్నీదా అని అడిగే ఊరు అది. తిరుపతిరావు కూడా అదే అడిగాడు. కాదు, చెయ్యి అని చెప్పారు పిల్లలు. మరో చివర డాల్ఫిన్ ఎముకలు. రెండింటికీ మధ్య గుడ్డ ఖాళీగా ఉంది. అక్కడ అట్టముక్క మీద రంగు పెన్సిలుతో అందంగా "గరుడ" అని మాత్రం రాసి ఉంది.

"ఇక్కడేటి కాళీ?" అన్నాడు తిరుపతిరావు.

 లక్ష్మీప్రియ పలికింది.

"అది మీ తోటలో ఉంది తాతగారూ."

హెడ్మాస్టరు కంగారుగా దగ్గాడు. సుధారాణి గోడ పక్కనే నిలబడి ఉంది. తాను చెప్పించిన మాట కాదు అది, కానీ తప్పు మాటా కాదు. 

 తిరుపతిరావు వంగి డాల్ఫిన్ ఎముకల్ని చూశాడు. "ముట్టుకోవచ్చా?" అని ఆ పిల్లనే అడిగాడు. ముట్టుకోవచ్చంది. ఆయన ఖద్దరు చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మోచేతిని ఎడమచేత్తో తడుముకున్నాడు. మళ్ళీ ఎముకని తడిమాడు.

"దీనికీ మోసెయ్యి ఉన్నాదే!"

"ఉంది తాతగారూ. కానీ మనలాగ వొంచలేదు. నీళ్ళు కొయ్యడానికి బిగిసిపోనాది. గరుడది బాగా వొంగుతాదని టీచరు సెప్పింది. నాను సూసినాను కూడా, డొంకూరులో. కానీ లోపలెలగుంటాదో సూడనేదు."

"నీకు సూడాలనుందా?"

"ఉంది."

ఆయన సుధారాణి వైపు తిరిగాడు. మాట మార్చుకోవడం అలవాటు లేని మనిషి కావడం వల్ల కాస్త కరుగ్గానే అన్నాడు: "రేపు పొద్దుట తోటకి రా. ఆ పిల్లని కూడా తీసుకురా."

మర్నాడు తోట మూలన ఆయనే గునపం పట్టుకున్నాడు. పాలేర్లని రానివ్వలేదు. కొంత తవ్వాక చేత్తో మట్టి తీయడం మొదలెట్టాడు. ఎర్రటి అంచు ఒకటి కనిపించింది.

"నువ్వు గుడ్డన్నావు. మామూలు గుడ్డ మనసొప్పనేదు. నా పట్టు కండువాలో సుట్టేను" అన్నాడు, ఎటో చూస్తూ.

సుధారాణి వంగి ఆ అంచు మీది మట్టి తుడిచింది. "మంచి పని చేశారు మావయ్యా" అంది.

కండువా చాలా చోట్ల చివికిపోయింది. ఎముకలు మాత్రం చెదరలేదు. ఆయన దణ్ణం పెట్టుకుని, రెక్క ఎముకల్ని ఒక్కొక్కటీ తీసి లక్ష్మీప్రియ దోసిట్లో పెట్టాడు. భుజం నుంచి ఒక ఎముక. ఆ కింద రెండు, సన్నగా, పొడుగ్గా. ఆ పిల్ల వాటిని అరచేతిలో తూచినట్టు ఎగరేసి చూసింది.

"ఓలమ్మో, ఏటీ బరువు నేదు టీచర్! పుల్లల్లాగున్నాయి."

"లోపల బోలు. గాలి ఉంటుంది. డాల్ఫిన్‌ది గట్టిగా, పొట్టిగా ఉంది. ఇది తేలిగ్గా, పొడుగ్గా ఉంది. అది నీటిని తొయ్యాలి, ఇది గాలి మీద నిలవాలి. అమరిక మాత్రం ఒకటే."

"ఏళ్ళో?" అన్నాడు తిరుపతిరావు.

ముగ్గురూ కలిసి వెతికారు. మూడే దొరికాయి. అందులో ఒకటి పొట్టిది, మిగతా రెంటి మొదళ్ళు ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. "రెండు వేళ్ళు తగ్గించుకుంది. అంత పొడుగు ఈకల్ని మొయ్యాలంటే అతుక్కున్న ఎముకే గట్టి" అంది సుధారాణి.

తిరుపతిరావు నెమ్మదిగా తల ఊపాడు. "సామి వాహనానికి మూడేళ్ళు, సముద్రపు పందికి అయిదేళ్ళూనా!" అన్నాడు. ఈసారి ఆ మాటలో కోపం లేదు, ఆశ్చర్యమే.

మిగిలిన ఎముకల్ని కండువాలోనే మళ్ళీ చుట్టి పూడ్చారు. రెక్క బడికి వచ్చింది. అట్టముక్క పెట్టిన చోట దాన్ని పరిచాక, లక్ష్మీప్రియ తన చెయ్యి రెండింటి మధ్యా పెట్టి, ఎవరూ అడక్కుండానే "ఇప్పుడు నమ్ముతాను టీచర్" అంది.

ఆ శీతాకాలం టెక్కలిలో జరిగిన విజ్ఞాన ప్రదర్శనకి బల్లని ఆటోలో కట్టుకుని వెళ్ళారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన లక్ష్మీప్రియని, "ఇంతకీ వీటిలో ఏది గొప్పదమ్మా?" అని అడిగాడు. ఆమె ఏమాత్రం తడుముకోలేదు.

"నీళ్ళలో అడిగితే డాల్ఫిన్, గాల్లో అడిగితే గరుడ సార్. ఇక్కడ నేల మీద అడిగేరు కాబట్టి నానే."

హాలంతా నవ్వింది. మొదటి బహుమతి మాత్రం గాలిమరతో దీపం వెలిగించిన పలాస పిల్లలకి వెళ్ళింది. సుధారాణి పిల్లలకి రెండోది వచ్చింది. తిరిగి వచ్చే దారంతా లక్ష్మీప్రియ ఆ గాలిమర ఎలా పని చేసిందో సుధారాణికి చెబుతూనే ఉంది. ఓడిన బాధ ఆమె మొహంలో ఎక్కడా లేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఒక ఉదయం మొదటి పీరియడు నడుస్తుండగా తిరుపతిరావు స్వయంగా బడి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తాటాకు బుట్ట, దాని మీద తడిగుడ్డ. క్లాసు మొత్తం లేచి నిలబడింది.

"కూకోండి, కూకోండి" అంటూ బుట్టని టీచరు బల్ల మీద పెట్టి, గుడ్డ తొలగించాడు. లోపల పెద్ద గబ్బిలం ఒకటి, రెక్కలు ముడుచుకుని చచ్చి ఉంది.

"జీడితోటలో పడుంది కోడలా. ఫారెస్టోళ్ళకి నానే ఫోన్ సేసి సెప్పేను, అట్టుకెల్లమన్నారు." ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. "ఇది పిట్టా కాదు, పందీ కాదు. దీనికి ఏళ్ళు ఎన్నుంటాయో సూడకుండా నాను ఇంటికెల్లను."